తాత ఆపేసిన కథ
జెస్మిన్ వార్డ్ నవల 'సింగ్, అన్‌బరీడ్, సింగ్' 2017లో వచ్చింది. అమెరికాలోని మిసిసిపీలో ఒక ఇంటి కథ. తండ్రి జైల్లో, తల్లి లియోనీ మత్తులో. పదమూడేళ్ల జోజో చెల్లెల్ని సాకుతాడు. తిండి దొంగిలించి పన్నెండేళ్లకే అదే జైలుపాలై చనిపోయిన నల్లపిల్లవాడు రిచీ, దయ్యమై జోజో వెంటపడతాడు. తన చావు సంగతి తాత నోట వినాలని అతని ఆరాటం.

చివర్లో దయ్యాలు మరీ ఎక్కువయ్యాయి. అయినా లియోనీని రచయిత్రి వెనకేసుకురాదు, ఆమె మాట ఆమెనే చెప్పుకోనిస్తుంది. మాకు ఇదే నచ్చింది.

చేవెళ్ల, మొయినాబాద్ బడుల్లో 'తల్లిదండ్రులకు పట్టింపు లేదు' అనేముందు పంతుళ్లు ఈ నవల చదవాలి. నేరస్థ తెగల చట్టం మన ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలంది. 1952 నాటికి చట్టం పోయింది, ముద్ర పోలేదు. మన తాతలూ కథను సగంలో ఆపుతారు. మిగతా సగం అడిగి రాసుకుందాం.