సోతీరా చామదుంప

సైప్రస్‌లోని లిమసోల్‌లో మా అమ్మాయి వాళ్లింటికి రెండు వీధుల అవతల మన సరుకులమ్మే కొట్టు ఒకటుంది. కందిపప్పు, ఇంగువ, గోంగూర పచ్చడి, అన్నీ దొరుకుతాయి. ఈ వారం అక్కడి ఫ్రీజర్‌లో ఒక ప్యాకెట్ చూసి నాకు ఒళ్లు మండింది. తొక్క తీసి, గడ్డకట్టించి, ఇండియా నుంచి తెప్పించిన చామదుంపలు! అదే రోజు పొద్దున సంతలో మట్టి వదలని తాజా చామదుంపలు గుట్టలు పోసి ఉండగా చూసి వచ్చాను. మనవాళ్లు ఆ గుట్టల పక్కనుంచే నడిచి వచ్చి ఈ ప్యాకెట్ కొనుక్కుంటున్నారు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పాత పాట తెలుసు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పంట తినాలి, పండించిన మనిషి చేతికి డబ్బు అందాలి, సంచి పట్టుకుని సంతకు నడవాలి. మళ్లీ అదేనా అని విసుక్కుంటూ ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. రాయనివ్వండి. సైప్రస్ వచ్చినా నేను ఆ పాటే పాడతాను.

ఈ ద్వీపంలో చామదుంపేమిటని అడుగుతారేమో. మధ్యధరా సముద్రంలో సిసిలీ, సార్డీనియాల తర్వాత పెద్ద ద్వీపం ఇదే. ఇక్కడివాళ్లు చామదుంపను కొలొకాసి అంటారు, తరతరాలుగా వండుకుంటున్నారు. ఆగ్నేయాన కొక్కినోఖోరియా అని ఎర్రమట్టి పల్లెలున్నాయి. బంగాళాదుంపకు పేరుమోసిన నేల అది. వాటిలో సోతీరా అనే ఊళ్లో పండే కొలొకాసికి 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, మన బంగినపల్లి మామిడికి మన దేశంలో ఉన్నటువంటిదే.

దుంప మాత్రం మన దుంపలా చిన్నది కాదు. తల్లిదుంప అరచేతిలో ఇమడదు. పైన కాడ మొదలు కాస్త ఉంచి అమ్ముతారు. పక్కన పుట్టే పిల్లదుంపల్ని పూలెస్ అంటారు, వాటి గంప వేరు. మళ్లీ సంతకు వెళ్లి ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తుంటే, అక్కడ కొట్టు పెట్టుకున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి మా అమ్మాయిని ఏదో అడిగింది. "వండటం వచ్చా మీ అమ్మకు అంటోంది" అని అమ్మాయి నవ్వింది. వచ్చని చెప్పించాను. ఆవిడకు నమ్మకం కుదరలేదు. చాకు తీసి చెక్కడం మొదలుపెట్టింది.

చూడాల్సిన పని అది. తొక్క తీశాక దుంపను కడగలేదు, పొడిగుడ్డతో గట్టిగా తుడిచింది. తర్వాత చాకును అంచున ఒక్క పిసరు దించి, మణికట్టు తిప్పింది. ముక్క టప్పున విరిగి పడింది. ఆ పక్కన మళ్లీ గాటు, మళ్లీ తిప్పు. ఒక్క ముక్కా తిన్నగా తెగలేదు, అన్నీ విరిగినవే. నీళ్లు తగిలినా, చాకుతో అడ్డంగా కోసినా జిగురు పులుసంతా పట్టుకుంటుందట. ముక్కల్ని నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, సెలెరీ, టమాటా వేసి ఉడికించి, చివర్న నిమ్మకాయ పిండాలట. పంది మాంసం కలిపి వండేవాళ్లే ఎక్కువ. పిల్లదుంపల్నయితే వేయించి, ఎర్ర వైన్, దంచిన ధనియాలు వేసి మగ్గబెడతారు. ధనియాల మీద ఈ ద్వీపానికున్న మక్కువ నాకు భలే నచ్చింది. పచ్చి ఆలివ్ కాయల్ని చితక్కొట్టి వెల్లుల్లి, ధనియాలతో కలిపి పెడతారు. బంగాళాదుంపల్లోనూ ధనియాలే.

మా నాయనమ్మ దివిసీమ మనిషి. బోదె గట్టున, పెరట్లో నీళ్లు పారే చోట చామ దానంతటదే దుబ్బుకట్టేది. ఎవరూ పెంచలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. ఆవిడ చేతులకు నూనె రాసుకుని గానీ దుంప ముట్టేది కాదు. తొక్కతోనే ఉడకబెట్టి, వేడి మీదే ఒలిచేది. ఉడికీ ఉడకని ముక్క దొంగతనంగా నోట్లో వేసుకుంటే గొంతంతా దురద. అప్పుడు ఆవిడ తిట్టేది కాదు, చిటికెడు చింతపండు నాలుక మీద పెట్టేది. పులుపు పడితే జిగురు విరుగుతుందనేది. నిమ్మకాయ పిండే సైప్రస్ పెద్దావిడ చెప్పిందీ అదే. ఒకరిది కృష్ణ ఒడ్డు, ఇంకొకరిది ఎర్రమట్టి దీవి. దుంప ఇద్దరినీ ఒకేలా తిప్పలు పెట్టింది, ఇద్దరూ పులుపుతోనే దాన్ని లొంగదీశారు. ఇంత దగ్గరి చుట్టాన్ని సంతలోనే వదిలేసి ఫ్రీజర్ దగ్గరకు వెళ్లడానికి మనవాళ్లకు మనసెలా ఒప్పిందా అనుకుంటూ దుంపల సంచితో ఇంటికొచ్చాను. వారానికి రెండుసార్లు ఇదే వండించాలని అమ్మాయికి గట్టిగా చెప్పాను కూడా.

ఆదివారం మా అల్లుడు కూరిస్ డ్యామ్ చూపిస్తానని తీసుకెళ్లాడు. 1988లో కట్టారు, 11.5 కోట్ల ఘనపు మీటర్లు పట్టే జలాశయం, సైప్రస్‌లోకెల్లా పెద్దది. దాని అంచున అలాసా పాత ఊరి చర్చి ఒకటుంది. ఊరు ఖాళీ చేయించారు, చర్చి మిగిలింది. నీళ్లు నిండితే గోడలు మునుగుతాయి, తగ్గితే చుట్టూ నడిచి రావచ్చు. మేం వెళ్లినప్పుడు చర్చి దాకా నడిచి వెళ్లాం, చెప్పులకు తడి అంటలేదు. జనవరి, అంటే ఇక్కడ వానాకాలం. 2008లో కరవొచ్చి గ్రీసు నుంచి ఓడల్లో తాగునీళ్లు తెప్పించుకున్నారు. ఇప్పుడు సముద్రపు నీటిని శుద్ధి చేసుకుని తాగుతున్నారు. 2024లో వచ్చిన పర్యాటకులే 40 లక్షలు దాటారు. వాళ్ల స్నానాలూ, ఈతకొలనులూ ఈ నీళ్లలోంచే.

కొలొకాసి వసంతంలో నాటే పంట. చుక్క వాన పడని వేసవంతా అది చేలో నిలబడి నీళ్లు తాగుతుంది. ఆ ఎర్రమట్టి పల్లెల కింద భూగర్భజలం దశాబ్దాలుగా తోడి తోడి అడుగంటింది, తీరం వైపు బావుల్లోకి ఉప్పునీరు చొచ్చుకొచ్చింది. మా నాయనమ్మ గట్టున ఊరికే మొలిచిన మొక్క ఇక్కడ అంత ఖరీదైనది. దీన్ని వారానికి రెండుసార్లు తినమని చెప్పడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. ఇక్కడి పంటే, నిజమే. అయినా పండుగకో, ఆదివారానికో తినాల్సిన పంట. మంచి ధరిచ్చి, తక్కువ కొని, గౌరవంగా వండుకోవాలి.

రోజూ కొనాల్సింది వానకే పండేదాన్ని. కొండవాలు రాళ్లలో కారబ్ చెట్లుంటాయి. ఎవరూ నీళ్లు పెట్టరు. వేసవి చివర్లో నల్లగా ఎండిన కాయల్ని పొడుగాటి కర్రలతో రాలుస్తారు. ఒకప్పుడు దీన్ని నల్ల బంగారం అనేవాళ్లు, లిమసోల్ కోట పక్కన పాత కారబ్ మిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. గింజ నుంచి తీసే జిగురు ఐస్‌క్రీముల్లో వాడతారు. కాయ నుంచి తీసిన పాకాన్ని అనోగిరా ఊళ్లో కాచి, చల్లార్చి, కొక్కేనికి తగిలించి లాగుతారు, మన తిరునాళ్లలో జీళ్లు లాగినట్టే. నల్లటి ముద్ద లాగినకొద్దీ బంగారు రంగుకు తిరుగుతుంది. పనివాడి భుజం చూస్తే ఎంత బరువైన పనో తెలుస్తుంది. కేపర్ రెమ్మల పచ్చడి, బాదం, ట్రూడోస్ కొండల ద్రాక్ష, ఇవీ ఆ కోవకే వస్తాయి.

హలూమీ జున్ను సంగతీ ఇంతే. 2021లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది, గొర్రె, మేక పాలే ఎక్కువ ఉండాలన్న నియమంతో. ఆ నియమం మీద ఆవుపాల వాళ్లకూ మేకల వాళ్లకూ ఏళ్లుగా గొడవ. నేను మేక పక్షం. ఎండిన పొదలు మేసి పాలిచ్చే జీవి అది.

సైప్రస్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. కారబ్ పాకం సీసా ఒకటి కొని వంటింట్లో బెల్లం పక్కన పెట్టుకోండి. ఆదివారం కొలొకాసి పులుసులో బెల్లం మానేసి అదే వేశాను. రంగు బాగా నలుపెక్కుతుంది, భయపడొద్దు. కాస్త వగరు ఉంటుంది కాబట్టి చింతపండు మామూలుగా వేసేదాంట్లో సగమే వేయండి, పాకం పొయ్యి కట్టేసే ముందు కలపండి. పోపులో మెంతులు తగ్గించండి, లేకపోతే చేదవుతుంది.