బార బారకూ పొదుపు

హవాయిలో 1978లో 15 మందితో మొదలైన ఐరన్‌మ్యాన్ పందెం 1981లో అక్కడి కోనాకు చేరింది. 3.8 కిలోమీటర్ల సముద్రపు ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయాలి. మొత్తం సమయంలో ఈతకు పట్టేది రమారమి పదో వంతు. అందుకే చాలామంది దాన్ని ఎలాగోలా గట్టెక్కితే చాలనుకుంటారు. కానీ ఒంట్లోని సత్తువ దండగగా పోయేది ఎక్కువగా అక్కడే.

నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి కండబలం పెంచుకోవడం కన్నా అడ్డు తగ్గించుకోవడమే లాభం. తల ఎత్తితే నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి. కోనాలో నీళ్లు వెచ్చగా ఉంటాయి గనుక ఒంటిని తేలుస్తూ ఉండే రబ్బరు వెట్‌సూట్ సాయమూ దొరకదు. చూపు అడుగువైపే ఉండాలి. ఊపిరి నీళ్లలోనే వదిలేయాలి. ఒళ్లు పక్కకు ఒరిగినప్పుడు దానితోపాటే తల తిప్పి, ఒక కన్ను నీళ్లలోనే ఉండగా గాలి పీల్చుకోవాలి.

అసలు పనితనమంతా మోచేతిలో ఉంది. భుజానికి సూటిగా చేయి నీళ్లలోకి దించి, మోచేయి పైనే నిలిపి, పెద్ద పీపా మీదుగా చేయి వేసినట్టు ముంజేతిని కిందికి వంచాలి. అప్పుడు అరచేయీ ముంజేయీ కలిసి నీటిని నేరుగా వెనక్కి నెడతాయి, ఒళ్లు ముందుకు సాగుతుంది. మోచేయి జారిందా, చేయి నీటిని కిందికి అదుముతుంది. భుజం నొప్పి తప్ప దూరం కలిసిరాదు.

కొలనులో ఒక పొడవుకు ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టుకోవడం మంచి అలవాటే. అయితే లెక్క తగ్గించాలని ప్రతి బారకూ చేయి చాచి ఆగితే, సముద్రంలో ఆ ఆగిన క్షణంలోనే అల వేగాన్ని మింగేస్తుంది. అక్కడ బార కాస్త పొట్టిగా, ఎడతెగకుండా పడాలి. కాళ్లు బారకు ఒక్క తన్నుతో సరిపెట్టాలి, తొడలతో సైకిలు మీద చాలా పని ఉంది.

కొలను అడుగున నల్లగీత దారి చూపుతుంది. కోనాలో ఈత సాగే కైలువా అఖాతంలో ఆ వసతి లేదు. ఆరు నుంచి పది బారలకు ఒకసారి కళ్లు మాత్రం నీటి పైకి తేల్చి, దారి గుర్తుగా తేలే బోయ్ ఎటుందో చూసి, వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. అల పైకి లేపినప్పుడు చూస్తే దూరం కనిపిస్తుంది. ఒక్క చూపులో దొరక్కపోతే తల ఎత్తి వెతకకుండా, మరి కొన్ని బారలు వేసి మళ్లీ చూడాలి. దారి తప్పి నూరు మీటర్లకు 5 మీటర్లు ఎక్కువ ఈదినా, 3.8 కిలోమీటర్లకు 190 మీటర్ల అదనపు ఈత నెత్తిన పడుతుంది.

సైకిలు మీద గాలి తగలకుండా ఇంకొకరి వెనక నక్కడం కోనాలో నిషేధం, ఈతలో మాత్రం చెల్లుతుంది. ముందువాళ్ల పాదాల వెనకో, తుంటి పక్కనో ఉంటే అదే వేగానికి తక్కువ శ్రమ చాలు. వాళ్లే దారి తప్పితే మనమూ తప్పుతాం గనుక, బోయ్‌ను ఎవరికి వారు చూసుకోవాల్సిందే.

2018 కోనా పందెంలో క్రీడాకారిణి లూసీ చార్ల్స్ 48 నిమిషాల్లో ఈది మహిళల రికార్డు తిరగరాసింది. ఈతకు ముందే జెల్లీఫిష్ కుట్టిన మరో పోటీదారు డానియెలా రీఫ్ దాదాపు 9 నిమిషాలు వెనకబడి ఒడ్డుకు చేరింది. చివరికి గెలిచింది రీఫే, అదీ 8 గంటల 26 నిమిషాలతో, అప్పటికి కోర్సు రికార్డు. ఈతలో పోయిన నిమిషాలను సైకిలు మీద రాబట్టుకోవచ్చు గానీ, పోయిన సత్తువ తిరిగి రాదు. ఒడ్డెక్కాక గడియారం కన్నా ముందు ఊపిరిని గమనించాలి. సైకిలు ఎక్కేసరికి రొప్పు తగ్గి, నాలుగు మాటలు మాట్లాడగలిగితే ఈత బాగా కుదిరినట్టే.