ఏ హెడర్ ముందు, ఏది తర్వాత?

సీ ప్లస్ ప్లస్ ఫైలు ఏది తెరిచినా పైన బారులు తీరి కనిపించేవి ఇన్‌క్లూడ్ లైన్లే. చాలామంది వాటిని చూడకుండానే కిందికి వెళ్లిపోతారు. ఆ లైన్ల వరుసలో ఎంత ఆలోచన ఉందో తెలిస్తే అలా దాటిపోబుద్ధి కాదు.

ఇన్‌క్లూడ్ అన్నచోట ప్రీప్రాసెసర్ ఆ హెడర్‌లోని పాఠమంతా తెచ్చి అతికిస్తుంది. కంపైలర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది కాబట్టి, పై హెడర్‌లోని డిక్లరేషన్లు, మాక్రోలు కింది హెడర్లన్నిటికీ అందుతాయి. చిక్కంతా అక్కడే.

ఖాతా.హెచ్ అనే హెడర్ ఉందనుకుందాం. అందులో ఒక ఫంక్షన్ స్ట్రింగ్ తీసుకుంటుంది, కానీ ఆ హెడర్ స్ట్రింగ్ హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేసుకోలేదు. ఖాతా.సీపీపీలో ముందు స్ట్రింగ్, ఆ తర్వాత ఖాతా.హెచ్ రాస్తే లోపం బయటపడదు, బిల్డ్ సాఫీగా అయిపోతుంది. కొన్నాళ్లకు వేరే టీమ్‌లో ఎవరో ఖాతా.హెచ్‌ను తమ ఫైల్లో మొదటి లైనుగా పెడతారు. ఇక ఎర్రర్లే ఎర్రర్లు. తప్పు ఒకరిది, తలనొప్పి మరొకరిది.

విరుగుడు చాలా సులువు: ప్రతి సోర్స్ ఫైలూ తన సొంత హెడర్‌నే అన్నిటికన్నా ముందు ఇన్‌క్లూడ్ చేయాలి. జాన్ లాకోస్ 1996లో పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టుల డిజైన్‌పై రాసిన పుస్తకంలో ఈ మాట గట్టిగా చెప్పారు. ఇలా చేస్తే హెడర్ తన కాళ్ల మీద తాను నిలబడగలదో లేదో కంపైల్ చేసిన ప్రతిసారీ తేలిపోతుంది. పైసా ఖర్చు లేని టెస్టు ఇది.

మొదటి లైను తర్వాతే దారులు చీలతాయి. గూగుల్ పద్ధతిలో సీ సిస్టమ్ హెడర్లు, సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీ, ఇతర లైబ్రరీలు, చివరికి ప్రాజెక్టు హెడర్లు. ఎల్ఎల్‌వీఎమ్ దీన్ని తిరగేస్తుంది: దగ్గరివి ముందు, సిస్టమ్ హెడర్లు చిట్టచివర. నా ఓటు ఎల్ఎల్‌వీఎమ్‌కే. సీపీపీ ఫైలు లేకుండా హెడర్ మాత్రమే ఉన్నచోట మొదటి లైను టెస్టు జరగదు. అలాంటి హెడర్ల లోపాలను స్టాండర్డ్ లైబ్రరీ కప్పేయకుండా ఈ వరుస కొంత కాపాడుతుంది.

పూర్తిగా ఎదురుదారి పట్టినవారూ ఉన్నారు. హెడర్లు వేరే హెడర్లను ఇన్‌క్లూడ్ చేయనే కూడదని రాబ్ పైక్ 1989లో రాశారు. ప్లాన్ 9 సిస్టమ్ ఆ బాటలోనే నడిచింది. ముందు యు.హెచ్, తర్వాత లిబ్‌సీ.హెచ్ అంటూ ఏది ముందో రాసేవాళ్లే చూసుకోవాలి. ఒకే ఫైలును పదేపదే చదివే శ్రమ కంపైలర్‌కు తప్పుతుంది, భారం మాత్రం మనిషి మీద పడుతుంది.

ఒక్కో గుంపులో అక్షరక్రమం పాటిస్తే రెండుసార్లు రాసినవి ఇట్టే దొరుకుతాయి. అయితే దానికీ మినహాయింపులున్నాయి. విండోస్.హెచ్ మామూలుగా పాత విన్‌సాక్‌ను వెంట తెస్తుంది. దాని తర్వాత విన్‌సాక్2.హెచ్ వస్తే ఒకే స్ట్రక్చర్‌ను మళ్లీ డిఫైన్ చేశారంటూ కంపైలర్ ఆగిపోతుంది. కాబట్టి విన్‌సాక్2 ముందుండాలి. ఇంగ్లిష్ అక్షరక్రమంలో విండోస్‌దే ముందు స్థానం! క్లాంగ్ ఫార్మాట్ టూల్ ఈ రెంటినీ తారుమారు చేసి బిల్డ్ పాడుచేయగలదు. అక్కడ సార్టింగ్ ఆపించి, ఎందుకు ఆపామో పక్కనే ఒక కామెంట్ రాయాలి. పైథాన్.హెచ్‌నూ స్టాండర్డ్ హెడర్లకన్నా ముందే పెట్టమని దాని డాక్యుమెంటేషన్ చెబుతుంది, కొన్ని సిస్టమ్‌లలో అందులోని మాక్రోలు ఆ హెడర్ల తీరునే మార్చేస్తాయి కనుక.