తడబడిన పరుగు తర్వాత మరో మారథాన్

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఈ కొలతే 1921లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. ఇంత దూరంలో అనుకున్న సమయానికి గమ్యం చేరలేకపోవడం, చివరి కిలోమీటర్లలో నడకకు దిగడం, మధ్యలోనే విరమించుకోవడం ఏ స్థాయి రన్నర్‌కైనా ఎదురయ్యేవే. అయినా నెలల తరబడి చేసిన సాధన ఒక్క ఉదయంలో చేజారినప్పుడు దెబ్బ కాళ్లకన్నా నమ్మకానికే ఎక్కువగా తగులుతుంది. ఆ నమ్మకాన్ని మరో రోడ్డు మారథాన్‌లోనే తిరిగి సంపాదించుకోవడం దూరపు పరుగుల సంప్రదాయంలో బలంగా వేళ్లూనుకున్న పద్ధతి.

ఈ పద్ధతి వెనుక గట్టి కారణమే ఉంది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించిన ‘స్వీయ సామర్థ్య విశ్వాసం’, అంటే ఒక నిర్దిష్టమైన పనిని తాను చేయగలనన్న నమ్మకం, నాలుగు మూలాల నుంచి పుడుతుంది: స్వయంగా చేసి సాధించిన అనుభవం, తనవంటివారు సాధించడం చూడటం, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, తన శరీర స్థితిని తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనదని ఆయన చెప్పాడు. ముప్పయ్యో కిలోమీటరు తర్వాత పుట్టిన సందేహం పది కిలోమీటర్ల పందెంలో మంచి సమయం సాధించినంత మాత్రాన తీరకపోవడానికి కారణం ఇదే.

కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగె విషయం ఇందుకు గొప్ప నిదర్శనం. వరుసగా పది మారథాన్లు గెలిచిన ఆయన 2020 అక్టోబరులో లండన్‌లో చలిలో, వానలో పరుగెత్తి ఎనిమిదో స్థానంలో మిగిలాడు. 2021 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని ఒక విమానాశ్రయంలో, ప్రేక్షకుల సందడి లేని మారథాన్‌ను 2 గంటల 4 నిమిషాల 30 సెకన్లలో గెలిచాడు. అదే ఏడాది ఆగస్టులో సప్పోరోలో జరిగిన ఒలింపిక్ మారథాన్‌లో ముప్పై కిలోమీటర్ల దాకా గుంపులోనే ఓపికగా ఉండి, ఆ తర్వాతే విడివడి స్వర్ణం అందుకున్నాడు. ఓటమికీ మళ్లీ పరుగుకీ మధ్య ఆయన ఆరు నెలలకు పైగా ఎడం ఉంచడం ప్రత్యేకంగా గమనించదగినది. కొద్ది వారాల్లోనే మరో పందెంలో దిగి పరువు నిలుపుకోవాలనే తొందర సామాన్య రన్నర్లకు చేసే హాని అంతా ఇంతా కాదు.

సాధనకన్నా ముందు జరగవలసింది పాత పరుగును సరిగా చదవడం. శరీరం కండరాల్లోనూ కాలేయంలోనూ పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఆ నిల్వ ఇచ్చే శక్తి సుమారు 2,000 కేలరీలు కాగా, అరవై కిలోల మనిషికి మారథాన్ మొత్తానికి కావలసింది దాదాపు 2,500. వేగం పెరిగేకొద్దీ కొవ్వుకన్నా గ్లైకోజెన్ ఎక్కువగా ఖర్చవుతుంది కాబట్టి మొదట్లో తొందరపడినవారి నిల్వ ముందే అడుగంటుతుంది. నాలుగు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు పడాలి. ఉత్సాహంలో తొలి పది కిలోమీటర్లను 5 నిమిషాల 20 సెకన్ల చొప్పున పరుగెత్తితే మిగిలేది మూడున్నర నిమిషాలు. దాని ఫలితంగా చివరి పన్నెండు కిలోమీటర్లు ఏడేసి నిమిషాలకు పడిపోతే పోయేది దాదాపు పదహారు నిమిషాలు. ఈ లెక్క వేసుకున్న రన్నర్‌కు తనది అశక్తత కాదని, వేగం పంచుకోవడంలో జరిగిన పొరపాటని తెలుస్తుంది. పొరపాటుకు దిద్దుబాటు ఉంటుంది.

వాతావరణాన్ని కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. రాయలసీమలో, పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వంటి చోట గాలి పొడిగా ఉంటుంది కనుక చెమట త్వరగా ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ సాధన చేసినవారు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లోనో, విశాఖ బీచ్ రోడ్డు మీదనో పరుగెత్తితే గాలిలోని తేమ వల్ల చెమట ఆరక, అదే వేగానికి గుండె మరింతగా కొట్టుకుంటుంది. హైదరాబాద్ దారిలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు కూడా తోడవుతాయి. అలాంటి రోజున వచ్చిన సమయాన్ని చల్లని, చదునైన దారి సమయంతో పోల్చుకుని కుంగిపోవడం తనకు తాను చేసుకునే అన్యాయం.

సడలిన నమ్మకాన్ని తిరిగి కట్టుకోవడానికి మాత్రం ఈ సీమ చక్కని నేల. ధర్మవరంకన్నా పెనుకొండ, హిందూపురం బాగా ఎత్తున ఉన్నాయి కాబట్టి దక్షిణంగా సాగే దారుల్లో కాళ్లకు ఎత్తు ఎక్కే సాధన దొరుకుతుంది. 2019లో ఇక్కడ కియా కార్ల ఉత్పత్తి మొదలైన తర్వాత, ఎర్రమంచి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి వాహనాల రద్దీ వల్ల పరుగుకు తగినది కాదు. వాహనాలు తక్కువగా తిరిగే ఊరి రోడ్లే మేలు. వారానికి ఒకసారి చేసే లాంగ్ రన్, అంటే మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగే దీర్ఘమైన పరుగు, ఇక్కడ కీలకం. పద్దెనిమిదితో మొదలుపెట్టి మెల్లగా ముప్పై కిలోమీటర్ల దాకా పెంచుతూ, చివరి నాలుగైదు కిలోమీటర్లను మాత్రం పందెం వేగంతో ముగిస్తే, అలసిన కాళ్లతోనూ వేగం నిలుపుకోగలనన్న సాక్ష్యం రన్నర్‌కు వారం వారం చేతికందుతుంది. సాధన రోజుల్లో రాగి సంగటి పిండిపదార్థాన్నీ, కాల్షియాన్నీ సమృద్ధిగా ఇస్తుంది. అందులో పీచు ఎక్కువ కనుక పందెం ముందు రాత్రికి తెల్లన్నమే సుఖం. చివరి రెండు మూడు వారాలు దూరం తగ్గించుకునే దశను టేపరింగ్ అంటారు. నమ్మకం సడలినవారు ఈ దశలోనే భయపడి అదనపు పరుగులకు దిగుతారు కాబట్టి, శిక్షకులు గట్టిగా ఆపవలసిందీ ఇక్కడే.

పందెం నాడు గడియారపు లక్ష్యం ఒక్కటే పెట్టుకోకూడదు. రెండో సగాన్ని మొదటి సగంకన్నా కొద్దిగానైనా వేగంగా ముగించడం ఈ పరుగుకు అత్యుత్తమ లక్ష్యం, ఎందుకంటే దాన్ని అందుకోవడం వాతావరణంకన్నా రన్నర్ నిగ్రహం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. తొలి పది కిలోమీటర్లలో ఎందరు దాటిపోయినా పోనిచ్చి, దాహాన్ని బట్టి నీళ్లు తాగుతూ, అరగంటకోసారి ఖర్జూరమో అరటిపండు ముక్కో తీసుకుంటూ వచ్చిన రన్నర్, గతంలో నడకకు దిగిన ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఈసారి ముందున్నవారిని ఒక్కొక్కరినే దాటడం మొదలుపెడతాడు.