గోడ ఆరాలి

పాత ఇళ్ళున్న వీధుల్లో ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరే అరుగులు ఇప్పుడు రోడ్డుకి సమానంగా ఉంటున్నాయి. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే పోస్తారు కదా! అలా మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వీధివైపు గది ఉన్నచోటే ఉండి నేలమాళిగ అయిపోయింది.

గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లగా ఉప్పు పొంగింది. వేలితో రాస్తే పొడిపొడిగా రాలుతుంది. ఉబ్బిన పూతని తడితే డొల్లగా మోగుతుంది. నేలలోని తేమని ఇటుకలు సన్నటి రంధ్రాల్లోంచి పైకి పీల్చుకుంటాయి. నీరు గాలిలో కలిసిపోతుంది. అది మోసుకొచ్చిన లవణాలు పూత వెనకే గడ్డకట్టి దాన్ని బయటికి తోసేస్తాయి. కొత్త ఇళ్ళకి తేమ పైకెక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పొర ఆ ఇంటికి లేదు.

అందరూ చేసేదేమిటంటే, పెచ్చులు కొట్టించి సిమెంటు పూసి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింటు కొట్టించడం. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. దారి మూసుకుపోయిన చెమ్మ ఆ తర్వాత సిమెంటు అంచు దాటి నడుమెత్తున తేలుతుంది. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని నా ఉద్దేశం.

మేం పిలిపించిన ముసలి మేస్త్రి గోడ ముట్టుకోలేదు. సరాసరి చూరునీళ్ళు పడేచోటికి వెళ్ళాడు. "ముందు ఇక్కడ తవ్వించండి బాబూ, గోడ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. గోడ పొడుగునా, లోపలి గచ్చుకంటే జానెడు కిందికి మట్టి తీయించి, వాలు చూసి కంకర పోయించాడు. పునాది అడుగుదాకా మాత్రం వెళ్ళనివ్వలేదు. అక్కడ మట్టి కదిలితే గోడకే మోసం. చూరుకి రేకు కాలవ బిగించాం. ఆ తర్వాతే లోపల ఉబ్బిన పూత కొట్టించాడు. ఉప్పుని కడగొద్దన్నాడు, కడిగితే మళ్ళీ లోపలికే ఇంకుతుందట. పొడి చీపురుతో ఊడ్చి బయట పారబోశాం.

ఇక ఆరబెట్టడం. అంగుళానికి నెల అని ఒక మోటు లెక్క. అడుగు మందం గోడకి ఏడాది అన్నమాట. అంతకాలం బీరువా ఆనించకూడదు, మంచం దగ్గరికి జరపకూడదు. వచ్చిన చుట్టాలంతా ఆ బోడి ఇటుకల్ని చూసి "ఇంకా పూయించలేదా?" అంటారు. ఇంట్లో గొడవలు ఇక్కడే మొదలవుతాయి, సగం మంది ఇక్కడే సిమెంటు బస్తా తెప్పిస్తారు.

ఆరాక, నానబెట్టిన సున్నం ఒక పాలు, ఏటి ఇసుక మూడు పాళ్ళు, కాస్త ఇటుకపొడి కలిపి పలచటి పొరలుగా పూశాడు. ఆ పూత కూడా శాశ్వతమేం కాదు. మిగిలిన ఉప్పుని తను తీసుకుని కొన్నేళ్ళకి రాలుతుంది, ఇటుకకి ఏమీ కాదు. పైన ఎమల్షన్ వద్దు, వెల్లే వేయాలి. పిల్లలకి లేత నీలం కావాలట. సున్నంలో నీలిమందు కలిపితే సరిపోతుంది.