అడిగినదెవరు, ఇచ్చినదెవరు?

మా బిజినేపల్లి చుట్టుపక్కల తండాల్లో చాలామంది పిల్లలకు కొమురం భీం అంటే ముందు గుర్తొచ్చేది జోడేఘాట్ కాదు, ఎన్టీఆర్ ముఖం. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' తాను కల్పిత కథనని చెప్పుకుంది. అయినా వదిలేయలేం. కల్పన కూడా వాదిస్తుంది. ఎవరితో అడిగించింది, ఎవరితో ఇప్పించింది అన్న దాంట్లోనే దాని వాదన ఉంటుంది.

ముందు తగువు చూద్దాం. చరిత్రలో భీం పోరాడింది నిజాం సర్కారుతో. సాగు చేసుకున్న భూమి, పశువులు మేసే అడవి, వాటి మీద పన్నులు, అటవీ సిబ్బంది జులుం, ఇవీ కారణాలు. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు ఆయన నేలకొరిగాడు. సినిమాలో భీం ఢిల్లీ పోయేది తెల్లదొరలు ఎత్తుకుపోయిన మల్లి కోసం. పాప తల్లిని చేరితే ఆ కథ తీరిపోతుంది. భూమి తగువు అట్ల తీరదు.

సినిమాకు బలమైన ఘట్టం కొరడా దెబ్బలది. సుద్దాల అశోక్‌తేజ పాట పాడుతూ భీం మోకరిల్లడు. అది చూసి జనం తిరగబడతారు. తుపాకుల కోసం వచ్చిన రామరాజు కళ్లు అక్కడే తెరుచుకుంటాయి. అంటే అక్కడ నేర్పినవాడు భీం.

చివరికి వచ్చేసరికి ఇది తలకిందులైంది. ఏం కావాలని రామరాజు అడిగితే భీం చదువు కోరతాడు. రామరాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. భీం పేరుతో ముడిపడిన నినాదమే ఆయన చేతికి కానుకగా వచ్చింది! జనంలో ఉన్న జీవితకథల్లోనైతే భీం చాందాలో అచ్చాఫీసులో పనిచేస్తూ చదవడం నేర్చుకున్నవాడు.

చదువు అడగడం తప్పు కాదు. కానీ మన పిల్లలకు చదువు ఎవరో పెట్టే భిక్ష కాదు, హక్కు. తెర మీద అది దానంగా కనబడితే, బడిలో కూడా చేతులు కట్టుకునే నిలబడతారు.

సార్లూ, మేడంలూ ఒక పని చేయించండి. ఆ చివరి ఘట్టాన్ని శబ్దం లేకుండా చూపించి, అడిగినవారు, ఇచ్చినవారు, రాసినవారు ఎవరో పిల్లలతో రాయించండి. తర్వాత 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' చూపించి, గాం గంటం దొరకు, మల్లు దొరకు ఎంత చోటు దక్కిందో లెక్కపెట్టించండి. ఆఖరున మన తీజ్ పండుగలో మోగే డీజే పాటలనూ వదలొద్దు. వాటిలో మన ఆడపిల్ల తానే మాట్లాడుతున్నదా, ఆమె గురించి ఇంకొకరు మాట్లాడుతున్నారా?

ఈ ప్రశ్న అడగడం వచ్చిన పిల్లకు తన కథ ఇంకొకరు రాసివ్వక్కర్లేదు.