నగలపెట్టెలో రివాల్వరు

మన సీరియల్ కథానాయికల హ్యాండ్‌బ్యాగుల్లో రుమాలు, పౌడరు డబ్బా, వాటి పక్కన ఒక బుల్లి రివాల్వరు ఉండటం కొత్తేమీ కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె లైబ్రరీల్లో నలిగిన రోజుల నుంచీ, 1970లో విజయలలిత ‘రౌడీరాణి’గా తెరమీదికి వచ్చినప్పటి నుంచీ, ఆడదాని చేతిలో తుపాకీ అంటే మనకో సరదా. ఆ సరదాని నేను కాదనను. నేనూ చదివాను, చూశాను. ఈల వెయ్యలేదు గానీ, వేసినవాళ్ళని మందలించనూ లేదు.

నా పేచీ అంతా ఆ ‘బుల్లి’ అనే మాటతోనే. మగవాడు జేబులోంచి తీస్తే అది ఉత్త రివాల్వరు. ఆడది తీస్తే ‘ముద్దులొలికే’ రివాల్వరు, ‘ఆటబొమ్మలాంటి’ రివాల్వరు. మన రచయితలొక్కరే కాదు లెండి. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో జేమ్స్‌బాండ్‌ని పుట్టించినప్పుడు అతని చేతికి .25 బోరు బెరెట్టా ఇచ్చాడు. బూత్రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు 1956లో, అది ఆడవాళ్ళ తుపాకీ అనీ, మీ హీరోకి బొత్తిగా నప్పలేదనీ ఆయనకి ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ సిగ్గుపడ్డాడో ఏమో, 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’లో తుపాకీ మార్పించి, మార్చమని సలహా చెప్పే పాత్రకి ఆ బూత్రాయిడ్ పేరే పెట్టాడు. చిన్నదైతే ఆడది, పెద్దదైతే మగది. చీరల దుకాణంలో కూడా ఇంత సులువుగా లెక్క తేలదు.

కథల్లో సంగతి అలా ఉంచండి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం మనందరికీ గుర్తే. ఆ అమ్మాయికి లోకం పెట్టిన పేరు నిర్భయ. 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆ పేరుకి దగ్గరగా ‘నిర్భీక్’ అని పేరుపెట్టి, ఆడవాళ్ళ కోసమంటూ ఒక రివాల్వరు తెచ్చింది. .32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రమలోహం కలవడంతో బరువు అరకిలో. అప్పటి ధర 1,22,360 రూపాయలు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది దాని పెట్టె. ముదురు ఎరుపు రంగులో, అచ్చం నగల దుకాణంవాడు ఇచ్చే పెట్టె! ఆ తరువాత ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం .22 బోరులో పావుకిలో బరువున్న ‘నిడర్’ కూడా తెచ్చింది. పావుకిలో అంటే సంతలో కొన్న కందిపప్పు పొట్లమంత.

మరి ఈ .32 ఆడవాళ్ళ కోసం పుట్టిందా? కానే కాదు. ఈ తూటా 1896 నాటి అమెరికా సరుకు. సైన్యం, పోలీసులు వాడే బోర్లు మామూలు జనానికి నిషేధం గనక, లైసెన్సు దొరికిన మన పెద్దమనుషులు దశాబ్దాల తరబడి నడుముకి కట్టుకు తిరిగింది ఎక్కువగా దీన్నే. మీసాలవాళ్ళ చేతిలో ఉన్నన్నాళ్ళూ దాన్నెవరూ ముద్దులొలికేదని అనలేదు.

తూటాల్లో ఎంపిక కూడా పెద్దగా లేదు. మామూలుగా దొరికేది గుండ్రటి ముక్కున్న సీసపు తూటా. పోటీల్లో గురి చూసి కొట్టేవాళ్ళకి బల్లపరుపు ముక్కుది ఉంటుంది, కాగితం మీద శుభ్రంగా గుండ్రటి చిల్లుపడి మార్కులు లెక్కపెట్టడానికి వీలుగా. .22 తూటాకి పేలే మందు అడుగు అంచులో ఉంటుంది. అందులో పేలకుండా మొరాయించేవి కాస్త ఎక్కువ. రివాల్వరులో ఆకర్షణ అంతా ఇక్కడే ఉంది: ఒకటి మొరాయించినా మీట మళ్ళీ నొక్కితే చక్రం తిరిగి రెండోది వస్తుంది. ఇక తుపాకీ తేలికైన కొద్దీ అదే తూటాకి చేతిని ఎక్కువగా తంతుంది. ఈ తన్ను ఏ సీరియల్లోనూ కనబడదు. చిన్న తూటా మనిషిని చంపదనుకోవడం కూడా కథల్లో మాటే.

పోయిన శీతాకాలం చుట్టాలతో ఎత్తిపోతల వెళ్ళాం. చంద్రవంక డెబ్భై అడుగుల మీంచి దూకుతోంది, కింద మొసళ్ళ పెంపకం చూసి పిల్లలు గోల చేస్తున్నారు. వరసకి మరదలయ్యే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. భర్త పోయాక మిరప సేద్యం తనే చేయిస్తోంది. కాయ ఆరబోసినన్నాళ్ళూ రాత్రిళ్ళు కల్లంలో కాపలా తనదే.

“వదినా, ఆడవాళ్ళకని రివాల్వరు నగలపెట్టెలో పెట్టి ఇస్తారటగా, నిజమేనా?”

నిజమేనన్నాను. ధర చెప్పాను.

“ఏ బోరు?”

“ముప్పై రెండు.”

“ఆ డబ్బు పెడితే చేలో అసలు బోరే వేయించుకోవచ్చు గదే!” అని పకపకా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. “లైసెన్సు ఎవరిస్తారు? ఎన్ని గుళ్ళిస్తారు? ఎన్నికలప్పుడు ఉంచనిస్తారా?” అని వరసగా అడిగింది. ఏ విమర్శకుడూ వెయ్యని ప్రశ్నలివి. పోలీసు విచారణ అయ్యాక జిల్లా అధికారి ఇవ్వాలి. ఒక్కసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికెన్ని కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఎన్నికలొస్తే మామూలుగా స్టేషన్లో అప్పజెప్పమంటారు. మా పల్నాట ఆడవాళ్ళకి గుండె దడ పుట్టేది సరిగ్గా ఆ రోజుల్లోనే!

చివరికి ఆవిడే ఇంకో మాట అంది. “అయినా మా ఇంట్లో బీరువా తాళాలు మా బావగారి దగ్గరుంటాయి వదినా.”

నగలపెట్టె సంగతి ఇప్పుడు అర్థమైంది కదూ? మన నగలు మన పేరునే ఉంటాయి, తాళాలు ఇంకొకరి దగ్గరుంటాయి. అరకిలో రివాల్వరైనా అంతే. లైసెన్సు ఆవిడ పేరున ఉన్నా, అర్ధరాత్రి బీరువా తెరిచే చెయ్యి ఎవరిదో ఆ పెట్టె చెప్పదు. పైగా కొన్న మర్నాటి నుంచి కల్లం కాపలా పూర్తిగా ఆవిడ బాధ్యతే అయిపోతుంది. ‘తుపాకీ ఉందిగా, ఇంకేం భయం’ అని బావగారు దుప్పటి ముసుగెట్టి పడుకుంటారు. వీధి దీపం వెయ్యవలసినవాళ్ళూ, గస్తీ తిరగవలసినవాళ్ళూ కూడా అదే మాటంటారు.

మల్లు స్వరాజ్యం తెలంగాణా పోరాటంలో తుపాకీ పట్టింది. ఆవిడ ఆత్మకథ 2019లో వచ్చింది, దాని పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. అక్కడ తుపాకీ ముద్దుగా లేదు, నగలా లేదు. దాని వెనక దళం ఉంది, ఊళ్ళున్నాయి. మన సీరియల్ కథానాయిక వెనక మాత్రం ఎవరూ ఉండరు. ఆవిడా, హ్యాండ్‌బ్యాగూ, అంతే. అది ఒంటరితనం అని రచయితకి తోచదు, ధైర్యం అని రాసేస్తాడు.

అందుకే సీరియల్ రాసేవారికి ఒక మనవి. మీ కథానాయిక హ్యాండ్‌బ్యాగులోంచి రివాల్వరు తీసే ముందు ఒక్క అధ్యాయం రాయండి: లైసెన్సు కోసం ఆవిడ తిరిగిన తిరుగుళ్ళు, మొదటిసారి పేల్చినప్పుడు నొప్పెట్టిన మణికట్టు, లెక్కపెట్టుకున్న గుళ్ళు, తాళాల గుత్తి కోసం ఇంట్లో జరిగిన రభస. ఆ వారం పత్రిక నేను మా మరదలికి పంపిస్తాను. కల్లంలో లాంతరు ఉంది, చదువుకుంటుంది.